పాత మోకు, నీటికాకి గుండె

ఫిబ్రవరి 6, మంగళవారం

రాయకపోయినా అడిగేవాళ్లు లేరు. ఈ పూట రాయొద్దనే అనుకున్నాను. ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన ఈ డైరీ నెల రోజులుగా గూట్లో పడి ఉంది. పేజీ పేజీకీ కింద ఒక పురుగుమందు సీసా బొమ్మ. ఒక గది, ఒక మనిషి, ఒక కిరసనాయిలు వాసన వచ్చే దుప్పటి. ఏం జరుగుతుందని రాయడం? కానీ జగిత్యాల డాక్టరమ్మ ఇవాళ నన్నొక మాట అడిగింది. దానికి సరైన జవాబు బస్సు కోరుట్ల చేరాక తట్టింది. బస్సు దిగాక తట్టిన జవాబు ఎవరికి చెప్పాలి? అందుకని ఇక్కడ.

మొన్న కూరగాయల అంగడిలో కళ్లు తిరిగి టమాటాల మీద పడ్డాను. ఇంటి ఓనరు ఇంద్రమ్మ పట్టుబట్టి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ పేరు శ్రీలత. మణికట్టు పట్టుకుంది, కాగితం మీద గీతలు తీయించింది, వాటిని చూసి మళ్లీ మణికట్టు పట్టుకుంది.

"తాతా, నీ గుండె నిమిషానికి ముప్పై ఎనిమిది సార్లే కొట్టుకుంటున్నది. డెబ్బై దాక ఉండాలె."

"గౌండ్లోన్ని డాక్టరమ్మా. నలభై ఏండ్లు తాళ్లెక్కి కల్లు గీసిన. పొద్దుగాల ఇరువై, మాపటికి ఇరువై. గుండె బలిసింది. ఊకె కొట్టుకునే అక్కర దానికి లేదు."

"ఎవలు జెప్పిండ్రు?"

"పుస్తకంల ఉన్నది. రేసు గుర్రం నిలబడ్డప్పుడు దానికి ముప్పయ్యే."

"నువ్వు గుర్రానివా తాతా?"

ఇంద్రమ్మ పక్కన కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. అగ్గిపెట్టెంత మిషను చర్మం కింద పెట్టాలంది. ఆరోగ్యశ్రీ కార్డు మీద అయిపోతుంది, గుండె డాక్టరు కరీంనగర్ నుంచి గురువారం గురువారం వస్తాడు. ఆలస్యం చేస్తే ఏదో ఒక రోజు పడ్డవాడివి లేవవు అని కూడా అంది. ఎంత మామూలుగా అందంటే, నేనూ మామూలుగా తలూపాను.

"నీ మనిషిని తోలుకరా. సంతకం వెట్టాలె. ఎవలున్నరు నీకు?"

"అందరున్నరు" అన్నాను.

ఇంతకీ నాకు తట్టిన జవాబు ఇది కాదు. గుర్రమా అని అడిగింది కదా. నీటికాకిని అనాల్సింది.

ఫిబ్రవరి 7, బుధవారం

పొద్దున్నే వరద కాలువ గట్టు మీద కూర్చున్నాను. చేతిగడియారం పెట్టుకుని నీటికాకిని కొలిచాను. మొదటి మునక ఇరవై రెండు సెకన్లు. రెండోది ముప్పై ఒకటి. మూడోసారి ఎక్కడో మునిగి ఎక్కడో లేచింది. దొంగ పిట్ట. లేచాక కరెంటు స్తంభం మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంది, ఇంద్రమ్మ మిద్దె మీద లంగా ఆరేసినట్టు.

గ్రంథాలయంలో అట్ట లేని లావు పుస్తకం ఒకటుంది. ఎవరు రాశారో తెలియదు, మొదటి నలభై పేజీలు లేవు. నాలుగో తరగతితో బడి మానినవాడిని. నలభై ఒకటో పేజీ నుంచి మొదలయ్యే పుస్తకమే నాకు సరిపోయింది. అందులో ఉంది: నీటిలోకి మునిగే ప్రాణుల గుండె నిమ్మళిస్తుందట. బాతు తలను నీళ్లలో ముంచి పట్టుకుని కొలిచిన మహానుభావులున్నారు. తల మునగగానే గుండె వేగం పడిపోతుంది. తిమింగలం ఉంది చూడండి, లోతుకు పోయినప్పుడు దాని గుండె నిమిషానికి రెండుసార్లు కొట్టుకున్న దాఖలా ఉంది. రెండు! దానికి మిషను పెడతానన్న డాక్టరమ్మ ఉందా?

చూడండి అని రాశాను. ఎవరు చూస్తారు?

ఫిబ్రవరి 8, గురువారం

పొద్దున 38. మాపటికి 38. దవాఖానలో గుండె డాక్టరు వచ్చే రోజు. నేను పోలేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

సీలు అని ఒక జంతువు. కుక్క మూతి, చేప ఒళ్లు. మంచు సముద్రంలో గంట సేపు లోపల ఉండగల జాతి ఉందట. మునిగే ముందు అది ఊపిరి నింపుకోదట, వదిలేస్తుందట.  మనమైతే చెంపలు బూరెల్లా ఉబ్బించి మునుగుతాం. దాని గాలి తిత్తుల్లో ఉండదు. నెత్తుట్లో, కండలో దాచిపెట్టుకుంటుంది. అందుకే దాని మాంసం నల్లగా ఉంటుంది. మునిగాక కాళ్లకూ పేగులకూ నెత్తురు తగ్గించేసి మెదడుకూ గుండెకూ మాత్రం పంపుతుంది. మిగతావన్నీ ఆగాలి.

నాకు పది రోజులుగా కాళ్లు చల్లబడుతున్నాయి. అదే అయ్యుంటుంది.

మనిషికీ ఈ గుణం కొంచెం ఉందట. చల్లటి నీళ్లలో ముఖం ముంచి ఊపిరి బిగబడితే నాడి తగ్గుతుందట. రేపు తాంబాళంలో నీళ్లు పోసి చూస్తాను.

ఫిబ్రవరి 12, సోమవారం

నేల మీద నీళ్లు ఒలికి ఉంటే జారి పడ్డాను. గడ్డం కింద చీరుకుంది. అంతే.

ఫిబ్రవరి 13, మంగళవారం

అంతే అని రాశాను. నీళ్లు ముందు ఒలికాయా, నేను ముందు పడ్డానా అని ఇంద్రమ్మ అడిగింది. తాంబాళం బోర్లా పడి, నేను దాని పక్కన బోర్లా పడి ఉంటే చూసింది ఆమే.

"ముసలోనివైతివి, తాంబాలంల ముఖం వెట్టి ఏం జూస్తున్నవ్ మామా? సందమామనా?"

"లెక్క జూస్తున్న."

"నీ లెక్క సల్లగుండ! సచ్చిపోతే నా ఇంట్ల సచ్చినవని నాకు చెడ్డపేరు. సంతకం నేను వెడ్త, రా!"

తీసుకుపోయింది కూడా. దవాఖానలో కాగితాల దగ్గర కూర్చున్నాయన ఒప్పుకోలేదు. రక్తసంబంధం ఎవరూ లేకపోతే అప్పుడు చూద్దాం, ఉన్నారని రాయించావు కదా అన్నాడు. అందరున్నారని అన్నది నేనే. నా భార్య నర్సవ్వ పోయి నాలుగేళ్లు. పిల్లలు కలగలేదు. మిగిలింది చెల్లె ఒక్కతే. సత్యవ్వ.

డాక్టరమ్మ గడ్డానికి పట్టీ వేస్తూ ఇంకో మాట చెప్పింది. "తాతా, నువ్వన్నది అబద్ధం కాదు. కష్టం జేసినోల్ల గుండె నిమ్మళంగనే కొట్టుకుంటది. కని వాళ్లు చెట్టెక్కితే, ఉరికితే, అది నూట యాభై దాక లేస్తది. నీది లేస్తలేదు. గదీ తేడా. మెట్లెక్కి నువ్వే జూసుకో."

మెట్లెందుకు? నేను మెట్ల మనిషిని కాదు.

ఫిబ్రవరి 14, బుధవారం

సత్యవ్వ సంగతి రాయాలి. ఆమె సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో ఉంటుంది. మరమగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుడుతుంది. గౌండ్ల ఇంటి ఆడపిల్ల మగ్గాల చప్పుడులోకి ఎందుకు పోయిందంటే, తొమ్మిదేళ్ల కింద ఆమె భర్త, మా బావ పరశురాములు, తాటిచెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. ఆ రోజు మోకు నాది అడిగి తీసుకున్నాడు.

మోకు అంటే మా నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే తాడు. దాని మీదే వెనక్కి వాలి ఎక్కుతాం. ఎవరి మోకు వాళ్లదే, ఇంకొకరికి ఇవ్వం. బావ కాబట్టి ఇచ్చాను.

మోకు బాగానే ఉండింది.

ఫిబ్రవరి 16, శుక్రవారం

ఒక పాయ కొద్దిగా పలచబడి ఉండింది, అంతే. దానితో నేను ఏడాది ఎక్కాను.

గ్రంథాలయం ఇవాళ మూసి ఉంది. కాలువ గట్టుకు పోలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దున పాలవాడితో "పావు" అన్నాను. అది మాటైతే మాట్లాడినట్టే.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఎక్కాను.

కాలువ అవతల ఈత చెట్టు ఒకటి ఉంది, పెద్ద ఎత్తు కాదు, మూడు నిలువులు. దూలానికి వేలాడే మోకు దించి, తుడిచి, భుజాన వేసుకుని పోతుంటే ఇంద్రమ్మ చూడకూడదని పెరటి దారిన పోయాను. డెబ్బై ఒక్క ఏళ్లవాడు దొంగలా పెరటి దారిన. ముందు నాడి చూసుకున్నాను: ముప్పై ఎనిమిది. ఎక్కాను. చేతులు మరిచిపోలేదు. కాళ్లు కూడా మరిచిపోలేదు. రెండో నిలువు దగ్గర కొలిమి తిత్తిలా అయింది దమ్ము. కళ్ల ముందు నల్ల చుక్కలు. చెట్టును కావలించుకుని, చెంప దానికి ఆనించి, చాలా సేపు అట్లాగే ఉండి, దిగాను. దిగి గడియారం చూస్తూ కొలిచాను.

ముప్పై ఎనిమిది.

మళ్లీ కొలిచాను. ముప్పై ఎనిమిది.

దమ్ము అంత ఎగదోస్తుంటే గుండె మాత్రం చెట్టు నీడన కూర్చున్న దొర లాగా తన పని తాను చేసుకుంటోంది. పుస్తకంలో నేను రెండుసార్లు చదివి దాటేసిన వాక్యం ఒకటుంది. సీలు పైకి లేచేటప్పుడు, ఇంకా నీళ్లలో ఉండగానే, గాలి అందకముందే, దాని గుండె వేగం పుంజుకుంటుందట. పైకి పోతున్నానని దానికి తెలుస్తుంది.

నీటికాకిని కాదు నేను. పాడైన మిషనును.

ఫిబ్రవరి 19, సోమవారం

సత్యవ్వ దగ్గరికి పోవాలి. రేపు.

ఫిబ్రవరి 20, మంగళవారం

మేడారం జాతర. బస్సులన్నీ అటే వేశారట. పోవడం కుదరదు.

ఫిబ్రవరి 22, గురువారం

జాతర. బస్సులు లేవు. ఇంద్రమ్మ మేడారం నుంచి ఫోన్ చేసి "బతికే ఉన్నవా మామా?" అంది. ఉన్నానన్నాను. "ఆఁ" అని పెట్టేసింది. ఇవాళ ఇంతసేపు నాతో మాట్లాడింది ఆమె ఒక్కతే.

38.

ఫిబ్రవరి 25, ఆదివారం

బస్సులున్నాయి.

ఫిబ్రవరి 26, సోమవారం

నిన్న పోలేదు. ఎందుకు పోలేదో రాసి పోతాను, లేకపోతే అక్కడ మళ్లీ వేరే కథ చెబుతాను. కథలు చెప్పడం నాకు బాగా వచ్చు, అదే నా రోగం.

బావ పోయిన ఆ వారం కొత్త మోకు పేనించుకున్నాను. మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, కొత్త మోకును ఆదివారం ఎల్లమ్మ ముందు పెట్టి, పసుపు రాసి, కల్లు సాక పోసినాకే చెట్టుకు తగిలించాలి. అంతదాకా దూలానికి వేలాడదీస్తాం. ఎవరికీ ఇవ్వం. పాత మోకులో రెండు పాయలు తెగి ఉన్నాయి. కొద్దిగా పలచబడటం కాదు. తెగి ఉన్నాయి. గురువారం నుంచి నేను చెట్టెక్కలేదు. నడుము నొప్పి అని నర్సవ్వతో చెప్పాను. నాకు నడుము నొప్పి లేదు.

శనివారం పొద్దున బావ వచ్చాడు. ఆయన మోకు ఎలుకలు కొరికాయి. "లస్మన్నా, ఒక్క పూట" అన్నాడు. దూలానికి కొత్తది కనబడుతూనే ఉంది. ఆయన దాని వైపు చూశాడు. నేను, "ఎల్లమ్మకు జూపలే బావా" అన్నాను. ఆయన గౌండ్లోడే, అర్థం చేసుకున్నాడు. మూలనున్న పాతది తీసుకుని పోయాడు. రెండు పాయల సంగతి నోటి దాకా వచ్చింది. చెబితే కొత్తది ఇవ్వాల్సి వస్తుంది. నోరు మూసుకున్నాను.

తొమ్మిదేళ్లు నోరు మూసుకునే ఉన్నాను. సీలు మునిగేది గంటే.

దినాల నాడు అన్న తల్లిగారింటి చీర తీసుకుపోయి చెల్లెకు కప్పాలి. భర్త పోయిన ఆడదానికి పుట్టిల్లు ఇంకా ఉందని చెప్పే చీర అది. కొన్నాను. గంధం రంగు. తీసుకుపోలేదు. నర్సవ్వ ఒక్కతే పోయింది. జ్వరమని చెప్పమన్నాను. చీర ఇనుప పెట్టెలో అడుగున ఉంది. ఎల్లమ్మకు చూపి ఎక్కిన కొత్త మోకు ఇప్పటికీ దూలానికే ఉంది. పద్దెనిమిదో తేదీన నేను ఈత చెట్టెక్కింది దానితోనే.

ఫిబ్రవరి 27, మంగళవారం

వేములవాడ మీదుగా పోయాను. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు సీటు లేదు. నిలబడే పోయాను.

కార్ఖానాలో పదహారు మగ్గాలు ఒకేసారి కొడుతున్నాయి. ఆ చప్పుడు చెవులతో కాదు, పళ్లతో వినబడుతుంది. సత్యవ్వ మూలన కండెలు చుడుతోంది. జుట్టంతా దూది నూగు. నన్ను చూసింది. చేయి ఆపలేదు.

ముందు ఏదైనా మామూలు మాట అందామనుకున్నాను. నా నోటి సంగతి నాకు తెలుసు, మామూలు మాటతో మొదలుపెడితే వేములవాడ బస్సు, మేడారం జాతర, నీటికాకి అన్నీ వచ్చి అసలుది రాదు. నిలబడ్డచోటే చెప్పేశాను. మోకు రెండు పాయలు తెగి ఉన్నదని నాకు ఎరుకే సత్యవ్వా అని. కొత్తది ఇవ్వబుద్ధి కాలేదని. మగ్గాల చప్పుడులో నా మాట నాకే వినబడలేదు. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. వినలేదనుకుని, దగ్గరికి పోయి మళ్లీ మొదలుపెట్టాను.

"ఇన్నా." ఆమె గొంతు పెంచకుండానే నా చెవి దాకా తెచ్చింది. "ఈడ పనిజేసేటోల్లకు పెదువులు గనవడ్తె సాలు. రెండు సార్లు జెప్పుడెందుకు?"

చీర ఉన్న సంచి చంకలోకి తీసుకున్నాను.

"మోకు సంగతి నాకు గా దినమే ఎరుక. తెగిన తాడు జూసిన గద. నా మొగుడు నడుముకుండె. పాత తెగుడేదో కొత్త తెగుడేదో గౌండ్ల పిల్లకు తెల్వదా అన్నా?"

అన్నా అంది. తిట్టినట్టే అంది.

"నువ్వొచ్చి గా దినమే జెప్తె, కొడుదును, మన్ను వోద్దును, ఏడుద్దును. ఐపోతుండె. జరమంటివి. దినాల నాడు చీర లేదు. మా తోటికోడలు తల్లిగారు ఆమెకు తెచ్చిన చీర దెచ్చి నాకు గప్పిండ్రు. ఎవలిదో తల్లిగారి చీర. అందరి ముంగట."

నేను సంచి ముందుకు పెట్టాను. ఆమె అందులోకి చూసింది. తాకలేదు.

"ఇప్పుడెందుకచ్చినవ్?"

గుండె సంగతి చెప్పాను. సంతకం అని చెప్పాను.

"సంతకానికి అచ్చినవా, జెప్పనీకి అచ్చినవా?"

"రెండిటికి."

"ఏది ముందు?"

నా దగ్గర దేనికైనా జవాబుంటుంది. తిమింగలం గుండె ఎంతో అడిగితే చెబుతాను. దీనికి లేదు. నాకు నిజంగానే తెలియదు. అదే అన్నాను, తెల్వదు అన్నాను. ఆమె నా పెదవుల వైపు కాసేపు చూసింది.

"మాపటి దాక కండెలున్నయ్. గా బస్తా మీద కూసో."

కూర్చున్నాను. నాలుగు గంటలు. మధ్యలో ఒకసారి చాయ్ వచ్చింది, ఆమెకొకటి, నాకొకటి.  బస్సెక్కేటప్పుడు, "బేస్తారం ఎన్ని గొట్టంగ?" అంది. గురువారం పొద్దున తొమ్మిదికి అన్నాను. "నువ్ తీస్కపో" అని సంచి నా చేతిలోనే పెట్టింది.

ఫిబ్రవరి 28, బుధవారం

వస్తుందని చెప్పలేదు. ఎన్ని గంటలకని మాత్రం అడిగింది.

38.

ఫిబ్రవరి 29, గురువారం

ఎనిమిదిన్నరకే దవాఖాన అరుగు మీద కూర్చుని ఉంది. నాకంటే ముందు. "నాకు టికెట్టు లేదు, నీకున్నది, కని నేనే ముందచ్చిన" అంది. నవ్వాలా వద్దా అని నేను ఆలోచించేలోగా లోపలికి పోయింది.

కాగితాలాయన, "పేషెంటుకు ఏమైతవమ్మా?" అని అడిగాడు.

సత్యవ్వ గోడ వైపు చూసింది. ఆయన పెన్ను పట్టుకుని ఎదురు చూశాడు. నేను ఊపిరి తీయలేదు. ఎంతసేపో నీటికాకికి తెలుసు.

"చెల్లెను" అంది. పేరు కూడబలుక్కుని రాసింది.

మార్చి 1, శుక్రవారం

ఎడమ భుజం కింద మిషను, దాని మీద కుట్లు. చేయి ఎత్తొద్దన్నారు, కుడి చేత్తో రాస్తున్నాను. డాక్టరమ్మ వచ్చి, "తాతా, నడువు" అంది. వరండా చివరి దాకా నడిపించి తానే కొలిచింది. లేస్తున్నదని నవ్వింది. పడుకుని ఉంటే అరవై. నేను కొలిచాను. అరవై. భోజనమయ్యాక మళ్లీ అరవై. నలభై ఏళ్లలో ఇంత తొందర ఎరగను, ఎవరో తలుపు కొడుతున్నట్టుంది.

ఇంద్రమ్మ ఫోన్ చేసింది. నీటికాకి కొలతలు చెప్పబోతే పెట్టేసింది.

సత్యవ్వ నిన్నటి నుంచి పోలేదు.  మాత్రలు ఎప్పుడెప్పుడో నర్సును అడిగి తెలుసుకుంది. బావ మాట ఇద్దరం ఎత్తలేదు. మధ్యాహ్నం ఇంత పప్పన్నం తిని, చేయి కడుక్కుని, పడుకోవడానికి చోటు చూసుకుంది. చాప లేదు. మంచం కింద నా సంచి ఉంటే లాగింది. గంధం రంగు చీర తీసింది. తొమ్మిదేళ్ల మడత, విప్పుతుంటే గీతలు గీతలుగా ఉంది. అంచు ఒకసారి వేళ్ల మధ్య నలిపి చూసి, "మిషిన్ నేతే" అంది. నా మంచం పక్కన నేల మీద పరిచి, గోడ వైపు తిరిగి పడుకుంది.